లీన్‌గా నడిచే ఇంజిన్: ఇంజెక్టర్ సెట్టింగుల ప్రాజెక్టు డైరీ

బండి వివరాలు ముందు. 1598 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు సిలిండర్‌లోకి కాకుండా దాని గాలి దారిలోకి పోసే రకం), ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే రైల్ చివర రిటర్న్ లైన్‌తో కూడిన రెగ్యులేటర్. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పీడ్యునో, సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియో. గాలి లెక్క మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌తో, అంటే స్పీడ్-డెన్సిటీ పద్ధతి. ఇంజెక్టర్లు వాడినవి, ఎక్కువ రెసిస్టెన్స్ రకం. 3 బార్ దగ్గర నిమిషానికి 240 సీసీ అన్న అంకెతో సెట్టింగులు నింపి ఉన్నాయి. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బాష్ ఎల్ఎస్‌యూ 4.9.

ఈ డైరీ అంతటా ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధనాల బరువుల నిష్పత్తి) కాకుండా ల్యాంబ్డాలోనే (ఆ నిష్పత్తిని ఇంధనానికి సరైన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) రాస్తున్నాం. మామూలు పెట్రోలుకు గాలి సరైన పాలు (నిష్పత్తి) 14.7 అయితే, 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది దాదాపు 14.1. ఇంధనం మారితే ఏఎఫ్ఆర్ అంకెకు అర్థం మారిపోతుంది. ల్యాంబ్డా 1.00 అంటే ఏ ఇంధనానికైనా సరైన పాలే. 1 దాటితే లీన్ (పెట్రోలు తక్కువ), తగ్గితే రిచ్ (పెట్రోలు ఎక్కువ).

దశ 0: మొదటి రీడింగులు, మొదటి తప్పు

లక్షణాలు: ఐడిల్ ఊగుతోంది. ఆక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబాటు. 5000 ఆర్పీఎం పైన బలం పడిపోతోంది. లోడ్ మీద నాకింగ్ శబ్దం.

క్లోజ్డ్ లూప్ దిద్దుబాటును (సెన్సర్‌ను చూసి ఈసీయూ తానే పెట్రోలు మార్చడాన్ని) ఆపేసి, కూలంట్ 85 డిగ్రీలు దాటాక తీసిన ల్యాంబ్డా లాగ్ ఇది (కిలోపాస్కల్ అంకె మానిఫోల్డ్ ప్రెషర్):

ఐడిల్, 850 ఆర్పీఎం, 38 కిలోపాస్కల్: 1.16
క్రూయిజ్, 2500 ఆర్పీఎం, 50 కిలోపాస్కల్: 1.13
ఫుల్ థ్రాటిల్, 4000 ఆర్పీఎం: 1.03
ఫుల్ థ్రాటిల్, 5500 ఆర్పీఎం: 1.09

కావాల్సినవి: ఐడిల్, క్రూయిజ్ దగ్గర 1.00, ఫుల్ థ్రాటిల్‌లో 0.87. ఫుల్ థ్రాటిల్ రీడింగులు డైనో (బండిని ఒకే చోట లోడ్ మీద నడిపి కొలిచే యంత్రం) మీద రెండేసి సెకన్లు మాత్రమే తీసి వెంటనే వదిలేశాం. పూర్తి లోడ్ మీద ల్యాంబ్డా 1 దాటిన ఇంజిన్‌ను పట్టి ఉంచితే నాకింగ్ పెరుగుతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు కాలతాయి, పిస్టన్ అంచులు కరుగుతాయి. ముందుజాగ్రత్తగా ఇగ్నిషన్ పట్టికలో 80 కిలోపాస్కల్ పైనున్న గళ్లన్నిటిలో టైమింగ్‌ను 3 డిగ్రీలు వెనక్కి తెచ్చాకే రీడింగులు తీశాం. ఈ పని చేయబోయేవాళ్లు ఆ మెట్టు దాటెయ్యొద్దు.

ఇక తప్పు. లాగ్ చూడగానే వీఈ పట్టిక (ఏ ఆర్పీఎం, ఏ ప్రెషర్ దగ్గర సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందో ఈసీయూకు చెప్పేది) మొత్తాన్ని 1.15తో గుణించాం. ఐడిల్ దగ్గర స్క్రీన్ మీద 1.01 వచ్చింది, ఊగిసలాట మాత్రం తగ్గలేదు. ఇరవై నిమిషాలు నడిపి ప్లగ్గులు తీస్తే 1, 2, 4 సిలిండర్లవి మసిపట్టి నల్లగా ఉన్నాయి, 3వది సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట సెన్సర్ ఒకటే. అది చూపేది సగటు. పైగా ఆ సగటు కూడా నిజం కాదని దశ 1లో తేలింది. పట్టికను పాత విలువలకు తెచ్చేశాం. దశ 5 ముగిసేదాకా వీఈ పట్టికను మళ్లీ తాకలేదు.

చేతిపని: 2 గంటలు.

దశ 1: ముందు సెన్సర్ నిజం చెబుతోందా

వైడ్‌బ్యాండ్ కొలిచేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను. అందువల్ల సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్‌లో ఎక్కడ చిల్లు ఉన్నా, ఒక సిలిండర్ మిస్ కొట్టినా, ఇంజిన్ నిజంగా రిచ్‌గా ఉన్నప్పుడు కూడా లీన్ అనే చూపిస్తుంది.

1. గేజ్ మీది అంకెనూ ట్యూనర్‌స్టూడియో అంకెనూ పక్కపక్కన చూశాం. గేజ్ 1.14, స్క్రీన్ 1.16.
2. మల్టీమీటర్ ఒక కొనను వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ ఎర్త్ వైరుకు, రెండో కొనను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు పెట్టాం. 0.14 వోల్టుల తేడా.
3. కంట్రోలర్ అవుట్‌పుట్ 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 ఏఎఫ్ఆర్. అంటే 0.14 వోల్టు 0.28 ఏఎఫ్ఆర్‌కు సమానం, ల్యాంబ్డాలో దాదాపు 0.02. తేడా అంతా ఇక్కడే ఉంది.
4. కంట్రోలర్ ఎర్త్‌ను డాష్‌బోర్డ్ వెనక బాడీ స్క్రూ నుంచి తీసి, ఈసీయూ ఎర్త్ కలిసే ఇంజిన్ బ్లాక్ బోల్టు దగ్గరికే తెచ్చాం. తేడా 0.01 వోల్టుకు పడిపోయింది.

సెన్సర్ హీటర్ లాగే కరెంటు తుప్పుపట్టిన స్క్రూ గుండా పోతే కంట్రోలర్ ఎర్త్ కాస్త పైకి లేస్తుంది. దాంతో ఈసీయూకు అందే వోల్టేజ్ కూడా అంతే పెరిగి, లేని లీన్ కనిపిస్తుంది.

తర్వాత ఎగ్జాస్ట్. చల్లటి ఇంజిన్ మీద సైలెన్సర్ గొట్టంలోకి వ్యాక్యూమ్ క్లీనర్ గాలిని వెనక్కి ఊది, జాయింట్లన్నిటి మీదా సబ్బునీళ్లు చల్లాం. 4వ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ గాస్కెట్ అంచున బుడగలు. ఎగ్జాస్ట్ ప్రెషర్ ఎక్కువగా ఉంటే గాలి లోపలికి ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. పొగ ధారగా రాదు, అలలుగా వస్తుంది. రెండు అలల మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గుతుంది, ఆ క్షణంలో చిల్లు గాలిని పీలుస్తుంది. ఐడిల్‌లో అలల మధ్య ఖాళీ ఎక్కువ, పొగ తక్కువ. అందుకే అబద్ధం అక్కడే పెద్దది, ఫుల్ థ్రాటిల్‌లో దాదాపు ఉండదు.

గాస్కెట్ మార్చి, నట్లను మధ్య నుంచి చివరలకు బిగించి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాం. సెన్సర్ కూర్చున్న తీరు కూడా చూసుకోవాలి: కెటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేకపోతే చల్లటి స్టార్టులో చేరే నీటిచుక్క దాన్ని పగలగొడుతుంది. హీటర్‌కు కరెంటు లేకుండా సెన్సర్‌ను ఎగ్జాస్ట్‌లో వదిలి ఇంజిన్ నడిపితే మసి పట్టి చెడిపోతుంది.

ఇప్పటి లెక్క: ఐడిల్ 1.11, క్రూయిజ్ 1.10, 4000 దగ్గర 1.01, 5500 దగ్గర 1.07.
మొత్తం చేతిపని: 6 గంటలు.

ఇంజిన్‌లో చుక్క పెట్రోలు పెరగకుండానే ఐడిల్ 0.05 దిగింది.

దశ 2: దొంగ గాలి

ఇన్‌టేక్‌లోకి 0.05 బార్ మించని ఒత్తిడితో పొగ ఎక్కించాం. అంతకు మించితే మంచి సీళ్లు కూడా జారవచ్చు. బ్రేక్ బూస్టర్ గొట్టం బాగుంది, థ్రాటిల్ బాడీ గాస్కెట్ బాగుంది. 3వ ఇంజెక్టర్ కింది ఓ-రింగ్ దగ్గర సన్నటి పొగదారం లేచింది. తీసి చూస్తే రబ్బరు గట్టిపడి గోరు దిగడం లేదు. నాలుగు ఇంజెక్టర్ల పై కింది ఓ-రింగులు ఎనిమిదీ మార్చాం. కొత్తవాటికి ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, తిప్పకుండా నిటారుగా నొక్కి దించాలి. పొడిగా దించితే అంచు చీలి మళ్లీ అదే లీక్.

స్పీడ్-డెన్సిటీ బండ్లలో ఒక సంగతి సరిగా అర్థం కావాలి. ప్లీనమ్‌లోకి (సిలిండర్లన్నిటికీ ఉమ్మడి గాలి గదిలోకి) గాలి లీకైతే మానిఫోల్డ్ ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దాన్ని చూసి పెట్రోలు కూడా పెంచుతుంది. ఫలితం లీన్ కాదు, పెరిగిన ఐడిల్. లీక్ ఒకే సిలిండర్ రన్నర్‌లో (దానికి మాత్రమే వెళ్లే గాలి గొట్టంలో), అదీ ఇంజెక్టర్ మొదట్లో ఉంటే మాత్రం ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అవుతుంది. 3వ ప్లగ్ తెలుపుకు ఒక కారణం దొరికింది. రెండోది దశ 4లో దొరుకుతుంది.

గాలిని నేరుగా మ్యాఫ్ (గాలి ప్రవాహ) సెన్సర్‌తో కొలిచే ఫ్యాక్టరీ బండ్లలో లెక్క వేరు. సెన్సర్ దాటాక లోపలికి దూరిన గాలి ఈసీయూకు తెలియదు కాబట్టి ప్రతి లీకూ లీన్ చేస్తుంది. అక్కడ స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్‌లను (ఈసీయూ పెట్రోలును తానే దిద్దుకున్న శాతాలను) కలిపి చదవాలి:

ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువ, 2500 ఆర్పీఎం దగ్గర దాదాపు సున్నా: గాలి లీక్.
ఐడిల్‌లో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే: పంపు, ఫిల్టర్, ప్రెషర్. మురికిపట్టిన మ్యాఫ్ కూడా ఇలాగే కనిపించవచ్చు.
అన్నిచోట్లా ఒకే రకంగా ఎక్కువ: రెగ్యులేటర్ ప్రెషర్ తక్కువ, ఇంజెక్టర్లు మూసుకుపోవడం, లేదా ఇథనాల్ పాలు పెరిగిన పెట్రోలు.

ట్రిమ్ 5 శాతం లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 10 దాటితే వెతకాలి. పీ0171 (ఇంజిన్ మరీ లీన్ అనే) కోడ్ వచ్చేసరికి సాధారణంగా ఈసీయూ తాను దిద్దగలిగినంతా దిద్ది చేతులెత్తేసి ఉంటుంది. కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చడం ఈ పనిలో ఎక్కువగా జరిగే వృథా ఖర్చు.

ఇప్పటి లెక్క: ఐడిల్ 1.09, క్రూయిజ్ 1.09, 4000 దగ్గర 1.01, 5500 దగ్గర 1.07.
మొత్తం: 8 గంటలు.

దశ 3: ఫ్యూయెల్ ప్రెషర్

4000 దగ్గర 1.01, 5500 దగ్గర 1.07. ఆర్పీఎం పెరిగేకొద్దీ లీన్ పెరగడం వీఈ పట్టిక తప్పు కూడా కావచ్చు, కానీ ముందు ప్రెషర్ చూడకుండా పట్టిక జోలికి వెళ్లకూడదు. ఎండిపోతున్న రైల్‌ను పట్టికతో నింపలేం.

రైల్ మీద ఎలక్ట్రానిక్ ప్రెషర్ సెన్సర్ బిగించి, దాని వైరును లోపలికి తెచ్చాం. గేజ్ గొట్టాన్ని, అంటే ప్రెషర్‌తో ఉన్న పెట్రోలును, బండి లోపలికి తేవొద్దు.

రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం తీసి, పంపు ఆన్: 3.0 బార్. సరిగ్గా ఉంది.
గొట్టం పెట్టి ఐడిల్: 2.4 బార్. ఇది కూడా సరే. మానిఫోల్డ్‌లో 38 కిలోపాస్కల్ ఉన్నప్పుడు బయటి గాలి కన్నా 0.6 బార్ తక్కువ, రెగ్యులేటర్ అంతే తగ్గించాలి.
4000 ఫుల్ థ్రాటిల్: 2.98 బార్.
5500 ఫుల్ థ్రాటిల్: 2.55 బార్.

ఐడిల్‌లో మాత్రమే ప్రెషర్ చూసి "పంపు బాగుంది" అనేవాళ్లకు ఈ చివరి వరుస ఎప్పటికీ కనిపించదు. ఇంజెక్టర్ గుండా పారేది ప్రెషర్ వర్గమూలానికి అనుపాతం. 2.55ను 3.0తో భాగించి వర్గమూలం తీస్తే 0.922. దాదాపు 8 శాతం పెట్రోలు అక్కడే పోతోంది.

రిటర్న్ గొట్టాన్ని కొలత డబ్బాలోకి తిప్పి, బ్యాటరీకి చార్జర్ పెట్టి 13.5 వోల్టుల దగ్గర 30 సెకన్లు పంపు నడిపాం. ఆరుబయట, నిప్పురవ్వలు లేని చోట, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని చేయాల్సిన పని ఇది.

1. మొదట: 160 మి.లీ., అంటే నిమిషానికి 320 సీసీ.
2. ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాక: 175 మి.లీ. 5500 దగ్గర ప్రెషర్ 2.62. కొంచెమే మెరుగు.
3. పంపు నడుస్తుండగా దాని టెర్మినళ్ల మధ్యే వోల్టేజ్ చూశాం: 9.4. బ్యాటరీ దగ్గర 13.5. నాలుగు వోల్టులు దారిలో పోతున్నాయి.
4. ఎక్కడ పోతున్నాయో విడివిడిగా కొలిచాం. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్‌కు 1.5. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు 2.6. పెద్ద దొంగ ఎర్త్ లగ్ (ఎర్త్ వైరు చివర బోల్టు బిగించే కొన).
5. ఎర్త్ లగ్ తీసి, కింది లోహం మెరిసేదాకా గీకి కొత్త లగ్ బిగించాం. పంపుకు కొత్త రిలే, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా నేరుగా మందమైన వైరు, పాత వైరు రిలే కాయిల్‌కు మాత్రమే. పంపు దగ్గర 13.1 వోల్టులు.
6. మళ్లీ 30 సెకన్లు: 430 మి.లీ. 5500 దగ్గర ప్రెషర్ 2.97.

నిమిషానికి 860 సీసీ. ఈ ఇంజిన్ 6200 ఆర్పీఎం దగ్గర తాగేది 470 లోపే. పంపు మార్చాల్సిన అవసరమే లేకపోయింది. పాత స్థితిలో పంపు కొత్తది వేసినా అదే 9.4 వోల్టుల మీద ఈడ్చేది.

ఇప్పటి లెక్క: ఐడిల్ 1.09, క్రూయిజ్ 1.09, 4000 దగ్గర 1.01, 5500 దగ్గర 0.99.
మొత్తం: 13 గంటలు.

దశ 4: ఇంజెక్టర్లు బల్ల మీదకి

తీసేముందు ప్రతిదానికీ సిలిండర్ నంబరు చీటీ కట్టాం. రెసిస్టెన్స్ 14.2 నుంచి 14.5 ఓమ్‌ల మధ్య, నాలుగూ బాగున్నాయి. రెసిస్టెన్స్ బాగుంటే కాయిల్ బాగున్నట్టు మాత్రమే, పారుదల గురించి అది ఏమీ చెప్పదు.

ఫ్లో బెంచి మీద 3.0 బార్, పూర్తిగా తెరిచి 30 సెకన్లు. నిమిషానికి 240 సీసీ అయితే ప్రతిదీ 120 మి.లీ. ఇవ్వాలి.

ముందు: 113, 113, 103, 113.

3వది మిగతావాటి కన్నా 9 శాతం తక్కువ. లోపలి బుట్ట ఫిల్టర్‌లో గోధుమరంగు మడ్డి. నాలుగింటి ఫిల్టర్లూ తీసేసి, అల్ట్రాసోనిక్ తొట్టిలో 15 నిమిషాలు పల్స్ (ఇంజెక్టర్‌ను తెరిచే కరెంటు సంకేతం) ఇస్తూ కడిగి, కొత్త ఫిల్టర్లు వేశాం. పల్స్ ఇవ్వకుండా మూసి ఉన్న ఇంజెక్టర్‌ను తొట్టిలో ముంచితే సీటు మీది మురికి కదలదు. 2, 3 ఓమ్‌ల రకం ఇంజెక్టర్లకు 12 వోల్టులు నేరుగా ఇస్తే కాయిల్ కాలిపోతుంది, వాటికి కరెంటును పరిమితం చేసే డ్రైవర్ ఉండాలి.

తర్వాత: 115, 114, 113, 114.

తేడా 2 శాతం లోపుకు వచ్చింది, అది చాలు. కానీ సగటు 114, అంటే నిమిషానికి 228 సీసీ. ఈసీయూలో ఉన్నది 240. మొదటి రోజు నుంచీ ఈసీయూ తాను పంపుతున్నానని అనుకున్న దానికన్నా కనీసం 5 శాతం తక్కువే పంపుతోంది. బెంచి ద్రవం సాంద్రత పెట్రోలుకు దగ్గరగా ఉన్నదే వాడాలి. తేడా ఉంటే పారే పరిమాణం సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది, ఆ దిద్దుబాటు వేసుకోవాలి. పెట్రోలునే బెంచిలో పోయడం ప్రమాదం.

బెంచి మీద ఉండగానే ఇంకో పరీక్ష చేశాం. మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. 14.0 వోల్టుల దగ్గర వేర్వేరు పల్స్ వెడల్పులతో 1000 పల్సులు ఇచ్చి, ఒక్కో ఇంజెక్టర్ పోసిన సగటు కొలిచాం.

2 మి.సె.: 2.9 మి.లీ.
3 మి.సె.: 7.2 మి.లీ.
4 మి.సె.: 11.0 మి.లీ.
6 మి.సె.: 18.6 మి.లీ.
8 మి.సె.: 26.2 మి.లీ.

3 నుంచి 8 దాకా గీత తిన్నగా ఉంది, మిల్లీసెకనుకు 3.8 మి.లీ. చొప్పున. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే 1.1 మిల్లీసెకన్ల దగ్గర సున్నాను తాకుతుంది. అదే డెడ్ టైమ్: తెరుచుకోవడంలో పోయిన సమయంలోంచి మూసుకోవడంలో కలిసొచ్చిన సమయం తీసేస్తే మిగిలేది. 2 మి.సె. దగ్గర లెక్క ప్రకారం 3.4 రావాలి, వచ్చింది 2.9. సూది పూర్తిగా లేవకముందే మూసుకునే ప్రాంతం అది, అక్కడ ఏ లెక్కా నమ్మకంగా ఉండదు. ఐడిల్ పల్స్ అంత కిందికి పోయేంత పెద్ద ఇంజెక్టర్లు ఎంచుకోకపోవడమే దానికి మందు.

వోల్టేజ్ మార్చి అదే పరీక్ష: 10 వోల్టుల దగ్గర 2.05, 12 దగ్గర 1.45, 14 దగ్గర 1.10, 15 దగ్గర 0.98 మి.సె.

ఇప్పటి లెక్క, సెట్టింగులేవీ మార్చకుండా: ఐడిల్ 1.06, క్రూయిజ్ 1.06, 4000 దగ్గర 0.98, 5500 దగ్గర 0.96.
మొత్తం: 19 గంటలు.

దశ 5: ఈసీయూలో ఇంజెక్టర్ సెట్టింగులు

మొదట రిక్వైర్డ్ ఫ్యూయెల్, అంటే సిలిండర్ నిండా ఉన్న గాలికి సరిపడే పెట్రోలు పోయడానికి ఇంజెక్టర్ తెరిచి ఉండాల్సిన సమయం. సాఫ్ట్‌వేర్ లెక్కే వేస్తుంది, అయినా చేత్తో ఒకసారి సరిచూసుకోవడం మంచిది:

1. ఒక సిలిండర్ 400 సీసీ. లీటరుకు 1.2 గ్రాముల చొప్పున గాలి 0.48 గ్రాములు.
2. 14.7తో భాగిస్తే పెట్రోలు 0.0327 గ్రాములు.
3. సాంద్రత 0.745తో భాగిస్తే 0.0438 సీసీ.
4. 228 సీసీ ఇంజెక్టర్ మిల్లీసెకనుకు 0.0038 సీసీ పోస్తుంది. భాగిస్తే 11.5 మి.సె.

పాత విలువ 10.9. దాన్ని 11.5 చేశాక: ఐడిల్ 1.00, క్రూయిజ్ 1.00, 4000 దగ్గర 0.93, 5500 దగ్గర 0.91.

ఐడిల్, క్రూయిజ్ రెండూ అచ్చంగా లక్ష్యం మీద కూర్చున్నాయి. ఇక్కడ ఆగిపోవడం చాలా తేలిక. అయితే ఐడిల్‌లో హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్, బ్లోవర్ కలిపి వేస్తే బ్యాటరీ వోల్టేజ్ 14.0 నుంచి 13.2కు దిగింది, ల్యాంబ్డా 1.00 నుంచి 1.07కు ఎక్కింది. గాలి మారలేదు, వీఈ మారలేదు. మారింది ఇంజెక్టర్ తెరుచుకునే వేగం.

ఈసీయూలో డెడ్ టైమ్ 0.9 అని, అన్ని వోల్టేజ్‌ల దగ్గరా 100 శాతం అని ఉంది. అసలు విలువ 1.1. ప్రతి పల్స్‌లోనూ 0.2 మి.సె. తక్కువ పడుతోంది. ఆ 0.2 ఎక్కడ ఎంత దెబ్బ కొడుతుందో చూడండి. ఐడిల్‌లో అసలు పోయాల్సిన సమయం దాదాపు 2 మి.సె., అందులో 0.2 అంటే 10 శాతం. క్రూయిజ్‌లో 3.7కు 5 శాతం. ఫుల్ థ్రాటిల్‌లో 10కి 2 శాతం. ఇంజెక్టర్ సైజు తప్పు అన్నిచోట్లా ఒకే శాతం లీన్ చేస్తుంది, డెడ్ టైమ్ తప్పు మాత్రం చిన్న పల్సుల దగ్గరే కరుస్తుంది. ఈ రెంటినీ వీఈ పట్టికతో కప్పేయొచ్చు. కప్పేస్తే లైట్లు వేసిన ప్రతిసారీ అది బయటపడుతుంది.

మార్పులు:

1. ఇంజెక్టర్ ఓపెన్ టైమ్ (సాఫ్ట్‌వేర్‌లో డెడ్ టైమ్ పేరు): 0.9 నుంచి 1.1కు.
2. వోల్టేజ్ దిద్దుబాటు: 10 వోల్టులకు 186 శాతం, 12కు 132, 14కు 100, 15కు 89.
3. ఆ దిద్దుబాటు ఓపెన్ టైమ్‌కు మాత్రమే వర్తించేలా ఎంపిక. పొరపాటున మొత్తం పల్స్‌కు వర్తించేలా వదిలేశాం, లైట్లు వేస్తే ఈసారి ఐడిల్ రిచ్ వైపు దూకింది. ఒక గంట దీనికే పోయింది.

బెంచి దొరకనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంజిన్‌ను 2000 ఆర్పీఎం దగ్గర నిలకడగా పట్టి, ఒక సైకిల్‌కు ఒకసారి కాకుండా రెండుసార్లు పోసేలా సెట్టింగ్ మార్చండి. పోయాల్సిన మొత్తం అంతే, కానీ డెడ్ టైమ్ రెండుసార్లు కలుస్తుంది. ల్యాంబ్డా కదలకపోతే డెడ్ టైమ్ సరైనది. లీన్ వైపు పోతే పెంచాలి, రిచ్ వైపు పోతే తగ్గించాలి. ఈ ఇంజిన్ మీద 0.9తో ఈ పరీక్ష చేస్తే లీన్ వైపు పోయింది, 1.1తో 0.01 లోపే కదిలింది. బెంచి లెక్క, ఇంజిన్ లెక్క కలిశాయి.

ఇప్పటి లెక్క: ఐడిల్ 0.90, క్రూయిజ్ 0.95, 4000 దగ్గర 0.91, 5500 దగ్గర 0.89. లైట్లు, ఫ్యాన్ వేస్తే ఐడిల్ 0.91.
మొత్తం: 23 గంటలు.

దశ 6: ఇప్పుడు వీఈ పట్టిక

కొత్త వీఈ = పాత వీఈ × కొలిచిన ల్యాంబ్డా ÷ కావాల్సిన ల్యాంబ్డా. అంతే.

ఐడిల్: 45 × 0.90 ÷ 1.00 = 40.5, పెట్టింది 41
క్రూయిజ్: 65 × 0.95 ÷ 1.00 = 61.8, పెట్టింది 62
4000: 92 × 0.91 ÷ 0.87 = 96.2, పెట్టింది 96
5500: 88 × 0.89 ÷ 0.87 = 90.0, పెట్టింది 90

మొదటి రోజు ఐడిల్ 16 శాతం లీన్ అని చూసి అదే సూత్రం వేసి ఉంటే 45 కాస్తా 52 అయ్యేది. సరైన విలువ 41. పెంచాలని లాగ్ చెప్పిన చోటే చివరికి తగ్గించాం.

గళ్లను నింపే పద్ధతి:

1. కూలంట్ 85 పైన, లోపలికొచ్చే గాలి వేడి నిలకడగా. క్లోజ్డ్ లూప్, యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (తొక్కగానే కలిపే అదనపు పెట్రోలు) రెండూ ఆపాలి.
2. డైనో మీద ఒక్కో గడిలో ఐదారు సెకన్లు నిలపాలి. మొదటి రెండు సెకన్ల రీడింగులు పడేయాలి, పొగ సెన్సర్ దాకా రావడానికి సమయం పడుతుంది. రోడ్డు మీదైతే నడిపేవాళ్లు ఒకరు, లాప్‌టాప్ చూసేవాళ్లు ఇంకొకరు.
3. ఒకసారి 5 శాతానికి మించి మార్చకుండా తిరిగి తిరిగి రావాలి. ఐడిల్ గడి మూడు విడతల్లో 41కి చేరింది.
4. ఇంజిన్ చేరలేని గళ్లను చుట్టుపక్కల వాటి వాలును బట్టి నింపాలి. పాత విలువలు వదిలేస్తే పట్టికలో గోతులు మిగులుతాయి.

ఆ నాలుగో మెట్టు ఐడిల్ దగ్గర దాటేశాం. ఒక్క గడిని 41 చేసి చుట్టూ 45, 46 వదిలేస్తే, ఆర్పీఎం 850 నుంచి 1000 దాకా పైకీ కిందికీ ఊగడం మొదలైంది. పక్క గడిలోకి జారగానే రిచ్ అయి టార్క్ మారుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. చుట్టూ ఉన్న తొమ్మిది గళ్లను 40 నుంచి 43 మధ్య చదును చేస్తే ఊగడం ఆగింది.

ఆటోట్యూన్ (రీడింగులు చూసి పట్టికను తానే దిద్దే సదుపాయం) వాడాం కానీ మధ్య లోడ్ గళ్లకే. దాని హద్దులు బిగించకపోతే వాలు దిగేటప్పుడు పెట్రోలు కట్ అయిన క్షణాన్ని కూడా లీన్ అనుకుని గళ్లు పెంచేస్తుంది. థ్రాటిల్ మూసినప్పటి రీడింగులను వడపోత పెట్టి తీసేయాలి.

డ్యూటీ సైకిల్ (ఒక సైకిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండే శాతం) సరిచూపు: 5500 దగ్గర పల్స్ 11.1 మి.సె., ఒక సైకిల్‌కు దొరికే సమయం 21.8. అంటే 51 శాతం. 85 దాటనంతవరకూ ఇంజెక్టర్ పెద్దది అక్కర్లేదు.

ఇప్పటి లెక్క: ఐడిల్ 0.99, క్రూయిజ్ 1.00, 4000 దగ్గర 0.87, 5500 దగ్గర 0.87.
మొత్తం: 28 గంటలు.

దశ 7: తొక్కినప్పటి తడబాటు

ఇది చివరికే ఉంచాలి. పునాది అయిన వీఈ పట్టిక తప్పుగా ఉండగా దీన్ని దిద్దితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చినట్టే.

థ్రాటిల్ సెకనుకు 100 శాతం వేగంతో తెరిచినప్పుడు కలిపే అదనపు పెట్రోలు 30 శాతం ఉండగా, ల్యాంబ్డా 0.4 సెకన్ల పాటు 1.28కి లేచింది. 45 చేస్తే 1.12. 60 చేస్తే 0.80కి పడి ఇంజిన్ బరువుగా మూలిగింది. 50 దగ్గర తడబాటు పోయింది. ఇన్‌టేక్ గోడలకు అంటుకునే పెట్రోలును భర్తీ చేయడమే ఈ అదనం పని. చల్లటి ఇంజిన్‌లో గోడలకు ఎక్కువ అంటుకుంటుంది కాబట్టి చల్లదనానికి వేరే గుణకం ఉండాలి.

తర్వాత క్లోజ్డ్ లూప్ మళ్లీ ఆన్ చేసి, దిద్దే హద్దును 25 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాం. పెద్ద హద్దు ఉంటే రేపు ఇంకో ఎర్త్ లగ్ తుప్పుపట్టినా తెలియకుండా కప్పేస్తుంది. ఇగ్నిషన్‌లో తీసిన 3 డిగ్రీలను ఒక్కో డిగ్రీ చొప్పున, నాకింగ్ వింటూ వెనక్కి ఇచ్చాం. మూడోది ఇచ్చాక కూడా శబ్దం లేదు. ప్లగ్గులు నాలుగూ ఒకే లేత గోధుమరంగులో ఉన్నాయి.

మొత్తం: 30 గంటలు.

మిగిలి ఉన్న పని: 20 డిగ్రీల లోపు కూలంట్‌తో స్టార్టింగ్ ఎన్‌రిచ్‌మెంట్ పట్టిక. రిక్వైర్డ్ ఫ్యూయెల్, డెడ్ టైమ్ మారాయి కాబట్టి పాత అంకెలతో చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లు రిచ్‌గా నడుస్తోంది. ఇంజిన్‌ను రాత్రంతా చల్లారనిస్తేనే ఒక రీడింగ్ వస్తుంది కాబట్టి రోజుకు ఒక గడి చొప్పున దిద్దుతున్నాం. 1000 కిలోమీటర్ల తర్వాత పంపు దగ్గర వోల్టేజ్, 5500 దగ్గర రైల్ ప్రెషర్ మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాం.